మైలు పోయింది, మైలురాయి ఉండిపోయింది

కొత్త బండి కొన్నవాడు ఎదురైతే మనం అడిగే మొదటి ప్రశ్న, "మైలేజీ ఎంతిస్తోంది?" అతను దర్జాగా "లీటరుకి యాభై వస్తోందండీ" అంటాడు. యాభై ఏమిటి? కిలోమీటర్లు. మనం అడిగిన మాటలో మైలు ఉంది, అతను చెప్పిన లెక్కలో కిలోమీటరు ఉంది. అయినా ఇద్దరికీ అర్థమైపోతుంది. పేపరు తెరిస్తే ఫలానా క్రికెటరు పదివేల పరుగుల మైలురాయి దాటాడని ఉంటుంది. "కిలోమీటరురాయి దాటాడు" అని ఏ విలేకరీ రాయగా నేను చూడలేదు. మన దేశం మైలును చట్టప్రకారం పక్కన పెట్టి అరవై ఏళ్లు దాటింది. రోడ్డు పక్క రాళ్ల మీద అంకెలు మారిపోయాయి. ఆ మాట మాత్రం మన నోట్లోంచి కదల్లేదు.

ఇంతకీ మైలు అంటే ఏమిటి? ఈ మాట వెనక్కి వెళ్తే రోమ్ దాకా పోవాలి. లాటిన్ భాషలో 'మిల్లే పాసుస్' అంటే వెయ్యి అంగలు. అక్కడ అంగ అంటే ఒక కాలు ఎత్తి వేయడం కాదు. ఎడమ కాలు నేలకు ఆనిన చోటు నుంచి మళ్లీ అదే ఎడమ కాలు ఆనే చోటు దాకా, అంటే రెండు అడుగులు కలిపి ఒక 'పాసుస్'. దాన్ని ఐదు రోమన్ పాదాలుగా లెక్కగట్టారు. అలాంటివి వెయ్యి నడిస్తే ఐదువేల పాదాలు, ఇప్పటి లెక్కలో సుమారు 1,480 మీటర్లు. అంత దూరానికొక రాయి పాతుకుంటూ పోయారు రోమన్లు. మన మైలురాయికి ముత్తాత ఆ రాయే.

వాడగా వాడగా 'పాసుస్' అనే ముక్క రాలిపోయింది. 'మిల్లే'కు బహువచనం 'మిలియా', అంటే వేలు. అదే ఇంగ్లీషు వాళ్ల నోట్లో పడి మైలు అయింది. అంటే చూడండి, ఆ మాటలో దూరమూ లేదు, దారీ లేదు, నడకా లేదు. ఉన్నది ఉట్టి అంకె. మిల్లీమీటరు, మిలియన్, మిలీనియం అన్నీ దీని చుట్టాలే. ఎవరైనా "పది మైళ్లు నడిచాను" అంటే, మాటకు మాట పెట్టి చెప్పాలంటే, "పది వేలు నడిచాను" అన్నట్టు. వేలు ఏమిటని ఎవరూ అడగరు. అడుగులేనని రెండువేల ఏళ్ల కిందటి కాళ్లకు తెలుసు.

మరి ఐదువేల పాదాల మైలు 5,280 అడుగులు ఎందుకయింది? చిన్నప్పుడు ఎక్కాల పుస్తకం వెనక అట్ట మీద ఈ అంకె చూసి చాలామంది తలలు పట్టుకునే ఉంటారు. దీని వెనక ఎడ్లున్నాయి. ఇంగ్లండులో రైతుకు మైలు కంటే ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉండేది. అదే ఫర్లాంగు. ఆ మాటకు అర్థం 'పొడవైన చాలు'. నాగలి కట్టిన ఎడ్లు మధ్యలో ఆగకుండా ఒక ఊపులో దున్నే చాలు పొడవు అది. అది 660 అడుగులని స్థిరపడిపోయింది. పొలాల హద్దులు, పన్నుల లెక్కలు అన్నీ దాని మీదే ఉన్నాయి. ఫర్లాంగును కదిలిస్తే ఊళ్లకు ఊళ్లే తగువులాడుకుంటాయి. అందుకని మైలునే సాగదీశారు. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1593లో, ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు అని చట్టంలో రాశారు. ఎనిమిది ఆరువందల అరవైలు, 5,280. తమాషా ఏమిటంటే అది కొలతల చట్టం కాదు. లండన్ నగరం చుట్టూ కొత్త ఇళ్లు కట్టకుండా ఆపడానికి తెచ్చిన చట్టం. ఎన్ని మైళ్ల లోపల కట్టకూడదో చెప్పాలంటే ముందు మైలు అంటే ఎంతో చెప్పాలి కదా!

ఆ ఎడ్ల వాసన మన ఎకరానికీ ఉంది. ఒక ఫర్లాంగు పొడవు, 66 అడుగుల వెడల్పు ఉన్న చెక్క ఒక ఎకరం. ఒక జత ఎడ్లు ఒక రోజులో దున్నగలిగే నేల అని దాని పాత లెక్క. ఆ 66 అడుగుల వెడల్పునే 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఆయన ఇనప గొలుసుగా చేశాడు. మన దగ్గర సర్వేవాళ్లు పొలాల మీద ఈడ్చిన గొలుసుకు పుట్టుక అక్కడే. 66 అడుగులంటే 22 గజాలు. 22 గజాలంటే క్రికెట్ పిచ్చి. పది పిచ్చిలు ఒకదాని వెనక ఒకటి పేరిస్తే ఫర్లాంగు, ఎనభై పేరిస్తే మైలు. ఈసారి మ్యాచి చూస్తున్నప్పుడు బౌలరు ఒక గొలుసు పొడవుకు బంతి విసురుతున్నాడని గుర్తుచేసుకోండి.

మాది శ్రీకూర్మం దగ్గర పల్లె. కూర్మనాథస్వామి కోవెలకు రెండు ధ్వజస్తంభాలు, పడమటి ముఖంగా దేవుడు, ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లు. శ్రీకాకుళం నుంచి సుమారు 15 కిలోమీటర్లు. మా అమ్మమ్మ ఆ దారిలో ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. ఆవిడకు మైలు తెలుసు, ఫర్లాంగు తెలుసు, కిలోమీటరు అంటే మాత్రం బస్సు కండక్టరు మాట. ఆవిడ సొంత కొలతలు వేరే ఉండేవి. అడ్డపొగ వేసే మనిషి. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని, దాన్ని తియ్యకుండానే మాట్లాడేది. ఆవిడ వెనక నడుస్తూ "ఇంకా ఎంత దూరమే?" అని నేను ఏడుపు మొదలెడితే, "ఎంతో నేదు బావూ, ఒక చుట్ట కాలీలోగ ఎలిపోతాం" అనేది. మరీ దగ్గరైతే, "అదిగో, కూతేస్తే ఇనబడతాది" అనేది.

ఆ రెండో మాట ఎంత పాతదో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మన వాళ్లు కోసు అనేవారే, దాదాపు రెండు మైళ్లు, అది సంస్కృతంలోని 'క్రోశం' నుంచి వచ్చింది. క్రోశం అంటే కేక. మనిషి గట్టిగా కేక వేస్తే వినబడేంత దూరం. ఆక్రోశం అనే మాటలో ఉన్నదీ ఆ కేకే. అశోకుడు బాటల వెంట బావులు తవ్వించానని శాసనం చెక్కించినప్పుడు దూరం చెప్పింది కోసుల్లోనే. ఇవాళ పేపర్లో "పోలీసు స్టేషనుకు కూతవేటు దూరంలో దొంగతనం" అని రాస్తున్నామంటే, ఆ పాత కొలతనే అచ్చ తెలుగులో మళ్లీ చెబుతున్నామన్నమాట. అమ్మమ్మ ఏ శాసనమూ చదవలేదు. చదవాల్సిన అవసరమూ పడలేదు.

యోజనం సంగతి ఇంకా బాగుంటుంది. 'యుజ్' అంటే కట్టడం, కలపడం. కాడికి ఒకసారి ఎడ్లను కట్టాక మళ్లీ విప్పే దాకా సాగే దూరం యోజనం. ఇంగ్లీషులో కాడిని 'యోక్' అంటారు. ఆ మాటా, మన యోగమూ, యోజనమూ ఒకే వేరు నుంచి వచ్చినవి. అక్కడ ఎడ్లు దున్నిన చాలు ఫర్లాంగు అయింది, ఇక్కడ ఎడ్లు లాగిన బండి యోజనమయింది. మనం ఆమడ అనేదీ ఇలాంటి పెద్ద కొలతే. ఎనిమిది మైళ్లని కొందరు, పదని కొందరు చెప్పేవారు. ఇప్పుడు ఆమడ ఎంతో ఎవరికీ అక్కర్లేదు గాని, అప్పులవాడిని చూస్తే మాత్రం ఆమడ దూరం పారిపోతాం.

జానెడు, బెత్తెడు, మూరెడు, బారెడు అన్నీ ఒంట్లోంచి వచ్చినవే. అడుగు అన్న మాట చూడండి. పాదమూ అదే, పాదం వేసే నడకా అదే, పన్నెండు అంగుళాల కొలతా అదే. దూరం కొలవడానికి మనిషి బజారుకు వెళ్లి ఏమీ కొనుక్కోలేదు. కాలు, చెయ్యి, గొంతు, దొడ్లో ఎడ్లు. అంతే.

ఈ ఒంటి కొలతలతో ఒక చిక్కు ఉంది. పొడుగాటి వాడి మూర వేరు, పొట్టివాడి మూర వేరు. బట్ట అమ్మేవాడు పొట్టివాణ్ణి పెట్టుకుంటాడు, కొనేవాడు పొడుగువాణ్ణి వెంట తెచ్చుకుంటాడు. ఊరికొక కోసు, సీమకొక ఆమడ. బలమున్నవాడి కొలతే చెల్లుతుంది. ఆ గొడవ తెగాలనే ఫ్రాన్సులో విప్లవం రోజుల్లో మీటరును పుట్టించారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటోవంతు ఒక మీటరు అన్నారు. రాజుగారి కాలూ కాదు, షావుకారు చెయ్యీ కాదు. భూమి కొలత, అందుకని అందరిదీ. మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది నయాపైసలు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లలో వీశెలు కిలోలయ్యాయి, మైళ్లు కిలోమీటర్లయ్యాయి. అది మంచి పనే. తూకంలో మోసపోయేది ఎప్పుడూ పేదవాడే కాబట్టి, అందరికీ ఒకే రాయి ఉండటం న్యాయం.

ఇప్పటికీ రోడ్ల మీద మైలును వదలని పెద్ద దేశాలు అమెరికా, బ్రిటన్. అమెరికాలో ఉన్న మా మేనల్లుణ్ణి "ఆఫీసు ఎంత దూరంరా?" అని అడిగితే మైళ్లు చెప్పడు. "నలభై నిమిషాలు మావయ్యా" అంటాడు. అమ్మమ్మ చుట్ట లెక్కకూ, వాడి నిమిషాల లెక్కకూ పెద్ద తేడా లేదనిపించింది నాకు. ఎంత చదివినా మనిషికి కావలసింది దారి పొడవు కాదు, తన ఒంటికి అది ఎంత ఖర్చో.

నేల మీద మైలును ఎవరైనా నడిచి చూసుకోవచ్చు. మా వైపు ఇంకో మైలు ఉంది, దాన్ని నడవడానికి లేదు. సముద్రపు మైలు. భూగోళాన్ని చుట్టే వలయాన్ని 360 డిగ్రీలుగా, ఒక్కో డిగ్రీని 60 నిమిషాలుగా విడదీస్తే, ఒక్క నిమిషానికి వచ్చే దూరం నాటికల్ మైలు. 1929లో దాన్ని 1,852 మీటర్లుగా ఖాయం చేశారు. నేల మీది మైలు 1,609 మీటర్లు. పేరు ఒకటే, మనిషి అడుగుతో దీనికి ఏ సంబంధమూ లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దేశపు సొంత జలాలు. చేపల మీద, అడుగున ఉన్న సంపద మీద హక్కు 200 మైళ్ల దాకా.

మా పల్లెకారు పెద్దలు సముద్రాన్ని బారల్లో కొలుస్తారు. రెండు చేతులూ బార్లా చాపితే ఒక బార. తాడుకు బరువు కట్టి వదిలి, పైకి లాగుతూ చేతులతో కొలిచి "పది బారల నీళ్లు" అంటారు. ఇంగ్లీషు నావికుల 'ఫాదమ్' కూడా సరిగ్గా ఇదే. పాత ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం చాచిన చేతులు, కౌగిలింత. లోతును చేతులతో కొలవగలిగిన మనిషికి కూడా హద్దును కొలిచే సాధనం ఒంట్లో లేదు. నీళ్ల మీద గీత ఉండదు, రాయి ఉండదు.

ఆ కనపడని గీత ఏం చేస్తుందో మా జిల్లాకు బాగా తెలుసు. ఇక్కడ వేట చాలక మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి అక్కడి బోట్లలో పనిచేస్తారు. 2018 నవంబరు చివర్లో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లున్న బోట్లను, హద్దు దాటారంటూ పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. వాళ్లను కరాచీ జైల్లో పెట్టారు. ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం వైపు ఇళ్లల్లో ఆడవాళ్లు ఏడాదికి పైగా ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర 20 మందిని మనకు అప్పగించారు. ఆ సంఘటన ఆధారంగానే 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. తండేల్ అంటే బోటు పెద్ద. సినిమా చూసినవాళ్లకు ప్రేమకథ గుర్తుంటుంది. నాకు మాత్రం నీళ్ల మీద ఆ గీత గుర్తుండిపోయింది. పటం గీసినవాడికి అది సన్నటి చుక్కల వరస. వల లాగుతున్నవాడికి అటు నీళ్లూ ఇటు నీళ్లూ ఒకటే. జైల్లో కూర్చున్నవాడికి, వాడి కోసం ఒడ్డున కూర్చున్న ఇల్లాలికి ఆ కొద్ది మైళ్లు ఏడాది పొడవు.

ఈ మాటల వేట నాకు ఊసుపోక మొదలైంది కాదు. మా అమ్మ వల్ల మొదలైంది. ఆవిడకు డెబ్బై దాటాయి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆ మధ్య ఆవిడ నెలనెలా డబ్బు తీసుకునే చోటు ఊరి మధ్య నుంచి బయటికి మారింది. కౌంటరు దగ్గరున్న కుర్రాడు మంచివాడే. ఫోనులో మ్యాపు తీసి చూపించి, "ఎంతండీ, ఒకటింపావు కిలోమీటరు. పావుగంట నడక" అన్నాడు. మ్యాపు అబద్ధం చెప్పలేదు. పావుగంట అన్నది కూడా తప్పు కాదు, ఆ కుర్రాడి కాళ్లకు.

అమ్మ పొద్దున్న బయల్దేరి, ఎండ ముదిరాక తిరిగొచ్చింది. "ఎంత దూరమే అమ్మా అది?" అన్నాను, నాకు తెలిసే.

"నాలుగు కూకోడాలు" అంది.

నాకు అర్థం కాలేదు. వేళ్లు మడిచి చెప్పింది. రావిచెట్టు అరుగు దగ్గర ఒకటి, టీ బడ్డీ బల్ల మీద రెండు, కల్వర్టు గట్టు మీద మూడు, మూసేసిన కొట్టు మెట్ల మీద నాలుగు. "ఎళ్లీటప్పుడు నాలుగే. ఒచ్చీటప్పుడు ఆరైపోనాయి, ఎండెక్కేసింది గదా" అంది. పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు ఆరు. ఒకే దారి, రెండు పొడవులు. ఏ సర్వే గొలుసుకూ అందని నిజం అది. రోమన్ సైనికుడు అడుగులు లెక్కపెట్టాడు, అమ్మ ఆగిన చోట్లు లెక్కపెట్టింది. ఆవిడ పద్ధతి కూడా మైలు పుట్టినచోటే పుట్టింది, నడిచే మనిషి ఒంట్లో.

ఆ తర్వాతి నెల నుంచి నేను ఆవిణ్ణి బండి మీద తీసుకెళ్తున్నాను. కానీ మా వీధిలో బండీ, కొడుకూ రెండూ దగ్గర లేని ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. మధ్యలో ఆ మూసేసిన కొట్టు మళ్లీ తెరిచారు. మెట్ల మీద సరుకు పెట్టారు, కూర్చోవడానికి చోటు లేదు. మ్యాపులో దూరం ఒక్క మీటరు పెరగలేదు. వాళ్లకు పెరిగింది. పక్కింటి ముసలమ్మ రెండు నెలలు డబ్బు తీసుకోకుండా ఊరుకుంది. అడిగితే, "దూరమైపోనాది బావూ" అంది. చోటు మారి అప్పటికే ఏడాది. మారింది దారిలో ఒక మెట్టు.

అందుకే మేం నలుగురం కలిసి పంచాయతీలో ఒక మాట అడిగాం. ఆ దారిలో రెండు సిమెంటు బల్లలు కావాలి అని. పెద్ద ఖర్చు కాదు. "ఒకటింపావు కిలోమీటరుకి రెండు బల్లలా?" అని ఒకాయన నవ్వాడు. ఇంకా మంజూరు కాలేదు. మళ్లీ అడుగుతాం.

మీ ఊళ్లో కూడా బడి, ఆస్పత్రి, రేషను కొట్టు, బస్సు స్టాపు ఎక్కడో ఒకచోటికి మారుతూనే ఉంటాయి. "కిలోమీటరే కదా" అనే మాట వినబడుతూనే ఉంటుంది. కిలోమీటరు ఎక్కడైనా వెయ్యి మీటర్లే, దాంతో పేచీ లేదు. అయితే ఆ వెయ్యీ ఎవరి కాళ్లతో అని ఒకసారి అడగండి. ఆరేళ్ల పిల్లవి కావచ్చు, నెలలు నిండిన మనిషివి కావచ్చు, మోకాళ్లు అరిగిన అమ్మవి కావచ్చు. మైలు అన్న మాటలోంచి అంగలు ఎప్పుడో రాలిపోయి వెయ్యి ఒక్కటే మిగిలింది. ఆ అంగలు వేసేది ఎవరో చూసుకోవలసిన పని మాత్రం మనకు మిగిలే ఉంది.